పెన్ ప్లాటర్ గీత తప్పినప్పుడు: గోదావరి డెల్టాలో నడిపేవాళ్ల కోసం సమగ్ర మార్గదర్శి

మెలికల ముగ్గు వేసే ఆడవాళ్లు చివర్లో ఒక్క క్షణం ఆగి చూసుకుంటారు. చుక్కల చుట్టూ తిరిగిన గీత, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిసిందా లేదా అని. కలవలేదంటే మధ్యలో ఏదో ఒక మెలిక పక్కకు జరిగినట్టే. కంప్యూటరు పంపే బొమ్మను కాగితం మీద పెన్నుతో గీసే యంత్రమైన పెన్ ప్లాటర్‌కి కూడా నాకు తెలిసిన పరీక్షల్లో ఇంతకంటే మంచిది లేదు. మా పాలకొల్లు ఇంట్లో ఒక చిన్న టేబుల్ ప్లాటర్ ఉంది. నర్సాపురం వైపు లేసు అల్లే మా పిన్నికి డిజైన్ కాగితాలు, తెలిసినవాళ్లకు శుభలేఖల అంచులు, సంక్రాంతి ముందు ముగ్గుల పుస్తకాలు దాని మీదే గీస్తాను. ఇన్నాళ్లలో నేర్చుకున్నది ఒక్కటే: గీత తప్పితే ముందు కాగితాన్ని చూడాలి, తర్వాత యంత్రాన్ని చేత్తో పట్టుకుని చూడాలి, సెట్టింగుల్లో అంకెలు అన్నిటికంటే చివర ముట్టుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. నేనూ ఒకసారి రెండు రోజులపాటు అంకెలు మార్చుకుంటూ కూర్చున్నాను. చివరికి చూస్తే పుల్లీ (బెల్టును తిప్పే పళ్ల చక్రం) స్క్రూ వదులైంది.

మొదట మీ యంత్రం ఏ రకమో చూసుకోండి

ఇంట్లో కట్టుకున్న ప్లాటర్లలో ఎక్కువ భాగం ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద మోటార్లను కలిపే సీఎన్‌సీ షీల్డు, మోటార్లకు కరెంటు ఇచ్చే ఏ4988 లాంటి డ్రైవర్లు, అడుగు అడుగుగా తిరిగే రెండు నీమా 17 స్టెపర్ మోటార్లు, పెన్ను లేపడానికి సర్వో అనే ఒక చిన్న మోటారుతో ఉంటాయి. బోర్డు లోపల నడిచే ప్రోగ్రాము జీఆర్‌బీఎల్ అనే ఫర్మ్‌వేర్. ఈ మార్గదర్శిలో అంకెలన్నీ దాని ప్రకారమే చెబుతున్నాను. యాక్సీడ్రా లాంటి రెడీమేడ్ ప్లాటర్లు వేరే బోర్డుతో వస్తాయి, వాటి సెట్టింగులు వేరే చోట ఉంటాయి. బెల్టు, పెన్ను, కాగితం గురించిన మాటలు మాత్రం రెండింటికీ ఒకటే.

ఇంకో తేడా కూడా తెలియాలి. కొన్నిట్లో అడ్డానికి ఒక మోటారు, నిలువుకు ఒక మోటారు ఉంటాయి. కోర్ఎక్స్‌వై రకంలోనూ, ఒకే పొడవాటి బెల్టు రెండు మోటార్లనూ చుట్టి వచ్చే రకంలోనూ పెన్ను అడ్డంగా కదలాలన్నా రెండు మోటార్లూ తిరగాలి. లోపం ఏ మోటారుదో కనిపెట్టేటప్పుడు ఈ తేడాయే ఆధారం.

పరీక్ష కాగితం తయారు చేసుకోండి

యంత్రం బాగా నడుస్తున్న రోజునే ఒక పరీక్ష బొమ్మ తయారు చేసి పెట్టుకోండి. నా ఏ4 కాగితంలో ఉండేవి ఇవి: 150 మి.మీ. వెడల్పు, 200 మి.మీ. పొడవు ఉన్న ఒక దీర్ఘచతురస్రం, దానికి రెండు ఐమూల గీతలు. లోపల 60, 20, 5 మి.మీ. వృత్తాలు. ఒకే గీతతో పూర్తయ్యే మెలికల ముగ్గు ఒకటి. పెన్ను లేచి దిగడం చూడటానికి రెండేసి మి.మీ. పొడవున్న చిన్న గీతలు యాభై. ఆఖర్న, మొట్టమొదట పెన్ను ఆనిన మూలకే తిరిగి వచ్చి ఒక కూడిక గుర్తు. దీన్ని ఎప్పుడూ ఒకే పెన్నుతో, ఒకే వేగంతో గీయండి. మంచి రోజు గీసిన కాగితం దాచి ఉంచితే, పాడైన రోజు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

కాగితం మీద లోపాన్ని చదవడం

ఇక్కడ తొందరపడకండి. ఒక భూతద్దం దగ్గర పెట్టుకోండి.

ముగ్గు చివర కలవలేదు, కానీ ఆఖరి కూడిక గుర్తు మొదటి మూలలో సరిగ్గానే పడింది అనుకుందాం. అంటే యంత్రం దారి తప్పలేదు. ఎక్కడో ఆట, అంటే వదులు ఉంది. కదలిక ఒక వైపు నుంచి ఇంకో వైపుకు తిరిగినప్పుడు, ఆ వదులు పూడేవరకు పెన్ను కదలకుండా నిలబడుతుంది. పెన్ను హోల్డర్‌లో వదులుగా ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. అందుకే మొదట పెన్ను మొనను వేలితో మెల్లగా కదిపి చూడండి. నా లెక్కలో ఇలాంటి ఫిర్యాదుల్లో సగం అక్కడే తీరిపోతాయి.

పెన్ను గట్టిగానే ఉంటే 20 మి.మీ. వృత్తాన్ని చూడండి. కుడి ఎడమ కొసల్లో వృత్తం చదునుగా ఉంటే అడ్డం కదలికలో ఆట ఉంది, ఎందుకంటే అడ్డం కదలిక దిశ మార్చేది ఆ రెండు చోట్లే. పైన, కింద చదునుగా ఉంటే లోపం నిలువు కదలికది. కోర్ఎక్స్‌వై యంత్రంలో ఈ చదును ఐమూలల వైపు కనిపిస్తుంది. అప్పుడు రెండు మోటార్లలో ఒకదాని బెల్టో పుల్లీయో చూడాలి.

బొమ్మ సగం వరకు బాగా వచ్చి, ఒక చోట నుంచి మొత్తం ఒక్కసారిగా పక్కకు జరిగిందంటే మోటారు అడుగులు తప్పింది, అంటే తిరగాల్సినంత తిరగలేదు. కేబుల్ ఎక్కడైనా పట్టేసిందా, పెన్ను కాగితం అంచుకు తగులుకుందా, బెల్టు పళ్లు దాటిందా చూడండి. డ్రైవర్ వేడెక్కి ఆగినా ఇలాగే అవుతుంది. వేసవి మధ్యాహ్నం పూట మాత్రమే జరిగి, పొద్దున పూట జరగకపోతే డ్రైవర్‌నే అనుమానించండి.

ఒక్కసారిగా కాకుండా కొంచెం కొంచెంగా జరుగుతూ పోతే రెండే కారణాలు చూస్తాను: పుల్లీ ఇరుసు మీద జారుతోంది, లేదా కాగితం బల్ల మీద జారుతోంది. పుల్లీకి, మోటారు ఇరుసుకు కలిపి మార్కర్‌తో ఒక సన్న గీత పెట్టండి. కాగితం మూల దగ్గర, కాగితాన్ని బల్లని కలుపుతూ ఇంకో గీత పెట్టండి. పని అయ్యాక ఏ గీత విడిపోయిందో చూస్తే తెలిసిపోతుంది.

పదునైన మూల తిరిగిన వెంటనే గీత కొద్ది దూరం అలలుగా వచ్చి సర్దుకుంటే, అది అదురు. వేగం పుంజుకునే రేటు ఎక్కువైంది, లేదా బెల్టు వదులైంది. ముందు బెల్టు చూసి, ఆ తర్వాతే జీఆర్‌బీఎల్ సెట్టింగుల్లో ఆ రేటు చెప్పే $120, $121 విలువలు తగ్గించండి.

కాగితంలో ఒక మూల గీతలు పలచబడటం గురించి ఒక మాట. చాలామంది రసమట్టం తెచ్చి బల్ల మీద పెడతారు. బల్ల నేలకు సమంగా ఉందా లేదా అన్నది ప్లాటర్‌కి పెద్దగా పట్టదు. పెన్ను దారికి, కాగితానికి మధ్య దూరం నాలుగు మూలల్లోనూ ఒకేలా ఉండాలి. పెన్ను లేచి ఉన్నప్పుడు మొన కింద నాలుగు మూలల్లోనూ ఒకే అట్టముక్క దూర్చి చూడండి. ఒక చోట దూరి ఒక చోట దూరకపోతే, యంత్రం కాలి కింద మడతపెట్టిన కాగితం పెట్టయినా సరే సరిచేయాలి. వానాకాలంలో ప్లైవుడ్ చెక్క వంగి ఈ లోపం రావడం మా ఇంట్లో ఏటా జరిగేదే. చివరికి బల్ల మీద ఒక మందపాటి అద్దం పలక వేసుకున్నాను.

బెల్టు, పుల్లీ, చక్రాలు

1. కరెంటు తీసేయండి. మోటారు వైర్లు పీకాలన్నా పెట్టాలన్నా కరెంటు ఉండగా చేయకండి, డ్రైవర్ అక్కడికక్కడే కాలిపోవచ్చు.

2. పెన్ను కూర్చునే క్యారేజీని చేత్తో ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగా తోయండి. దారంతా ఒకే బరువుతో కదలాలి. ఒక చోట పట్టేస్తే అక్కడ రాడ్ మీద తుప్పో, దుమ్ము ముద్దో ఉంటుంది.

3. బెల్టును మధ్యలో వేలితో నొక్కండి. వేలాడకూడదు, అలాగని మోటారు ఇరుసును ఒక వైపుకు లాగేంత బిగువూ ఉండకూడదు. వీణ తీగలా బిగించేస్తే బేరింగులు త్వరగా అరుగుతాయి. కోర్ఎక్స్‌వైలో రెండు బెల్టులనూ మీటి చూడండి. ఒకే పొడవు ముక్కలు ఇంచుమించు ఒకే శబ్దం ఇవ్వాలి. బిగువులో తేడా ఉంటే దీర్ఘచతురస్రం వాలిపోతుంది.

4. పుల్లీ పక్కన ఉండే చిన్న అలెన్ స్క్రూలు చూడండి. వాటిలో ఒకటి మోటారు ఇరుసు మీద చదునుగా కోసిన భాగానికి ఆనాలి. గుండ్రటి భాగానికి ఆనితే ఎంత బిగించినా కొన్నాళ్లకు జారుతుంది. స్క్రూ తీసి, మరకు లాక్‌టైట్ నీలం రకం చుక్క పెట్టి మళ్లీ బిగించండి. ఎరుపు రకం వాడితే తర్వాత ఊడదీయడం కష్టం.

5. అల్యూమినియం పట్టీ మీద ప్లాస్టిక్ చక్రాలు నడిచే రకమైతే నూనె పెట్టకండి, దుమ్ము పట్టి జిగురవుతుంది. పొడి బట్టతో తుడిస్తే చాలు. చక్రం వేలితో ఆపితే ఆగాలి, కాని పట్టీ మీద జారకుండా తిరగాలి. దాని వెనక ఉండే ఎక్సెంట్రిక్ నట్టుతో (కన్నం మధ్యలో కాకుండా పక్కకు ఉండే నట్టు) ఆ బిగువు సరిచేయవచ్చు.

6. ఉక్కు రాడ్ల మీద బేరింగులు నడిచే రకమైతే బట్టతో తుడిచి, కుట్టుమిషను నూనె రెండు మూడు చుక్కలు రాసి, క్యారేజీని పదిసార్లు అటూ ఇటూ తోసి, మిగిలింది తుడిచేయండి.

కోనసీమలో ప్రతి ఇంట్లోనూ చేతికందేది కొబ్బరినూనె. ప్లాటర్‌కి మాత్రం వద్దు. 24 డిగ్రీల దరిదాపుల్లో పేరుకుంటుంది కాబట్టి ధనుర్మాసం తెల్లవారుజామున బేరింగులో గడ్డకట్టి మోటారు అడుగులు తప్పుతుంది. మిగతా నెలల్లో దుమ్ముతో కలిసి బంకలా మారుతుంది.

మూలమట్టం

ఇల్లు కట్టేముందు పునాదికి ముగ్గు పోసేటప్పుడు మేస్త్రీలు ఐమూల కొలతలు రెండూ సమానమో కాదో చూస్తారు. ఇక్కడా అదే. 150, 200 మి.మీ. దీర్ఘచతురస్రానికి ఐమూల సరిగ్గా 250 మి.మీ. ఉండాలి. 3, 4, 5 లెక్కే ఇది. ఒక ఐమూల 251, రెండోది 249 వస్తే భుజాలు సరిగ్గానే ఉన్నాయి, అడ్డం దారి, నిలువు దారి ఒకదానికొకటి లంబంగా లేవు. ఫ్రేము స్క్రూలు కొద్దిగా వదులు చేసి, మూలమట్టం ఆనించి, మళ్లీ బిగించండి. స్క్రూలన్నీ ఒకేసారి పూర్తిగా బిగించకుండా, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించుకుంటూ రండి.

ఇప్పుడు అంకెలు

యంత్రం చేతికి బాగుంది, మూలలు సరిపోయాయి, అయినా 200 మి.మీ. గీత పొడవు తేడా వస్తోంది. అప్పుడు మాత్రమే $100, $101 చూడండి. అడ్డానికి, నిలువుకు మి.మీ.కి ఎన్ని అడుగులో చెప్పే విలువలివి.

లెక్క తెలిస్తే భయం ఉండదు. మోటారు ఒక చుట్టుకు 200 అడుగులు వేస్తుంది. డ్రైవర్ ఒక్కో అడుగును 16 భాగాలు చేస్తే 3,200. జీటీ2 బెల్టులో పంటికి పంటికి మధ్య 2 మి.మీ., పుల్లీకి 20 పళ్లు, అంటే చుట్టుకు 40 మి.మీ. 3,200ను 40తో భాగిస్తే 80. చాలా యంత్రాల్లో ఉండే అంకె అదే. మీరు 200 మి.మీ. గీయమంటే 160 మాత్రమే వచ్చిందనుకోండి. 80ని 200తో హెచ్చించి 160తో భాగిస్తే 100 వస్తుంది. 16 పళ్ల పుల్లీకి రావలసిన విలువ సరిగ్గా అంతే. కాబట్టి పుల్లీ పళ్లు లెక్కపెట్టండి, సంగతి తెలుస్తుంది.

అలా పెద్ద తేడా కాకుండా 80 స్థానంలో 80.6 లాంటిది వస్తే, నేనైతే ముందు స్కేలును అనుమానిస్తాను. ప్లాస్టిక్ స్కేళ్లు నమ్మదగ్గవి కావు. ఉక్కు స్కేలు ఒకటి కొనుక్కోండి.

మోటారు బలం తక్కువై అడుగులు తప్పుతుంటే డ్రైవర్ మీద చిన్న స్క్రూ దగ్గర వోల్టేజీ కొలవాలి. ఏ4988కి లెక్క ఇది: కావలసిన ఆంపియర్లను 8తోనూ, డ్రైవర్ బోర్డు మీద కరెంటును కొలిచే సెన్స్ రెసిస్టర్ విలువతోనూ హెచ్చించాలి. రెసిస్టర్ 0.1 ఓమ్, కరెంటు 0.8 ఆంపియర్ అయితే 0.64 వోల్టులు. రెసిస్టర్ మీద ఆర్100 అని ఉంటే 0.1, ఆర్050 అని ఉంటే 0.05. ఈ సంగతి చూడకుండా ఎవరో చెప్పిన వోల్టేజీ పెట్టేస్తే మోటారుకు రెట్టింపు కరెంటు పోవచ్చు. స్క్రూ తిప్పేది ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్ అయితే మంచిది.

ఇంకొకటి, $1 విలువ 255 పెట్టండి. మామూలుగా వచ్చే 25తో మోటార్లు కదలిక ఆగిన వెంటనే పట్టు వదిలేస్తాయి. పెన్ను మార్చేటప్పుడు చేయి తగిలితే స్థానం పోతుంది.

పెన్ను, సర్వో

పెన్నును కాగితం మీదకు నొక్కేది దాని బరువో స్ప్రింగో కావాలి. సర్వో పని పైకి లేపడం వరకే. పెన్ను దిగాక సర్వో చేతికి, హోల్డర్‌కి మధ్య అర మిల్లీమీటరైనా ఖాళీ కనపడాలి. అలా లేకపోతే సర్వో ఎప్పుడూ బరువు మోస్తూ గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది. ఎస్‌జీ90 సర్వోలో పళ్లు ప్లాస్టిక్‌వి, అరిగిపోతాయి. ఎంజీ90ఎస్ ఇంచుమించు అదే కొలతలో లోహపు పళ్లతో వస్తుంది, మార్చుకోవడం సులువు.

సర్వో కదిలిన ప్రతిసారీ బోర్డు రీసెట్ అయ్యి కనెక్షన్ పోతుంటే, అది ఆర్డుయినో నుంచే 5 వోల్టులు లాగుతోందని అర్థం. దానికి విడిగా 5 వోల్టుల సప్లై ఇచ్చి, రెండు సప్లైల నెగెటివ్ వైర్లు కలపండి. సర్వో దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే ఇంకా మంచిది.

గీత మొదట్లో చుక్కలా సిరా ముద్ద పడుతుంటే పెన్ను దిగాక ఆగే సమయం ఎక్కువైంది. గీత మొదలు ఎగిరిపోతుంటే తక్కువైంది. 0.2 సెకన్ల దగ్గర మొదలుపెట్టి అటూ ఇటూ సవరించుకోండి. ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు సన్నని తోక గీత ఈడ్చుకొస్తే, పెన్ను పూర్తిగా లేవకముందే క్యారేజీ కదులుతోంది.

జెల్ పెన్నులు వేగం ఎక్కువైతే మధ్యలో తెల్లగా వదిలేస్తాయి. వేగం సగం చేసి చూడండి. బాల్ పెన్నుకు బరువు ఎక్కువ కావాలి, హోల్డర్‌కి ఒక నాణెం అతికించినా సరిపోతుంది. ఫైన్‌లైనర్ మొన గరుకు కాగితం మీద చాలా త్వరగా అరుగుతుంది. లేసు డిజైన్లకు నేను నున్నటి కాగితమే వాడతాను.

ముసురు పట్టిన రోజులు

డెల్టాలో ప్లాటర్ పెట్టుకున్నవాళ్లకు అసలు పరీక్ష జూలై నుంచి నవంబరు దాకా. వారం రోజులు ముసురు పట్టిందంటే కాగితం చెమ్మ పీల్చుకుని సాగుతుంది, అంచులు లేస్తాయి. లేచిన అంచుకు పెన్ను తగిలితే అడుగులు తప్పుతాయి. సిరా కూడా కాగితం పోగుల్లోకి పాకి, సన్న గీత లావవుతుంది. ఇవన్నీ యంత్రం లోపాల్లాగే కనిపిస్తాయి. అందుకే వానాకాలంలో కొత్త లోపం కనిపిస్తే ఏదీ విప్పకముందు, మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో దాచిన పొడి కాగితం మీద పరీక్ష బొమ్మ గీయండి.

రెండు మూడు రంగుల బొమ్మలైతే అన్ని రంగులూ ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలి. పొద్దున ఎరుపు గీసి, సాయంత్రం వాన వెలిశాక ఆకుపచ్చ గీస్తే రెండు రంగులూ కలవవు. యంత్రం కదలలేదు, కాగితమే కొలత మారింది. కాగితాన్ని నాలుగు మూలలతో సరిపెట్టకుండా నాలుగు అంచుల పొడవునా మాస్కింగ్ టేపుతో అంటించండి. పైన ఫ్యాను ఆపేయండి.

అంతర్వేది, నర్సాపురం వైపు సముద్రపు గాలి, భీమవరం చుట్టూ చెరువుల మీది చెమ్మగాలి ఉక్కు రాడ్ల మీద త్వరగా పనిచేస్తాయి. తుప్పు చుక్కలు కనపడగానే డబ్ల్యూడీ-40తో తుడిచి, అది పూర్తిగా పోయేలా పొడిబట్టతో తుడిచి, ఆ తర్వాత కుట్టుమిషను నూనె పూయండి. డబ్ల్యూడీ-40నే నూనెగా వదిలేస్తే నాలుగు రోజులకే రాడ్ మళ్లీ పొడిబారుతుంది. వైర్ల కనెక్టర్లు కూడా నల్లబడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన ఇయర్‌బడ్‌తో శుభ్రం చేసి, రెండు మూడుసార్లు పీకి పెడితే పట్టు తిరిగి వస్తుంది. మోటారు కదలకుండా గరగరమని అదురుతుంటే, నాలుగు వైర్లలో ఒకటి పట్టు వదిలిందేమో ముందు చూడండి.

యంత్రం మీద ప్లాస్టిక్ కవరు బిగించి కప్పకండి, లోపల చెమ్మ నిలుస్తుంది. ఉతికిన పాత నూలు పంచె చాలు. దుమ్మూ ఆపుతుంది, బల్లులనూ ఆపుతుంది.

కరెంటు, కంప్యూటరు

మూడు గంటల బొమ్మలో రెండున్నర గంటల దగ్గర కరెంటు పోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఇన్వర్టర్ లైను మీద అడాప్టరు పెట్టడం మొదటి పని. రెండోది, బొమ్మను చిన్న భాగాలుగా విడగొట్టి ఒక్కొక్కటి విడి ఫైలుగా పంపడం. మూడోది, ప్రతిసారీ ఒకే మూలను సున్నాగా పెట్టుకోవడం. ఆ మూలలో క్యారేజీ ఆనే చిన్న చెక్క దిమ్మె ఒకటి అంటించుకున్నాను. కరెంటు వచ్చాక దానికి ఆనించి సున్నా పెడితే, కాగితం కదలనంత వరకు ఆగిన భాగం నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు. అడాప్టరు 12 వోల్టులదైతే, మోటార్లు తిరుగుతుండగా మల్టీమీటరుతో కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడు 12 చూపించి, పనిలో బాగా పడిపోయే అడాప్టరును మార్చేయాలి.

కంప్యూటరు ప్లాటర్‌ని గుర్తుపట్టకపోతే మొదట యూఎస్‌బీ కేబుల్ మార్చండి. కొన్ని కేబుళ్లు చార్జింగుకు మాత్రమే పనికొస్తాయి. తర్వాత కంప్యూటరు బోర్డును గుర్తుపట్టడానికి కావలసిన సీహెచ్340 డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఉందా, అవి రెండూ మాట్లాడుకునే వేగం (బాడ్ రేటు) 115200 పెట్టారా, ఇంకో ప్రోగ్రాము అదే పోర్టును పట్టుకుని ఉందా చూడండి. అలారం అని చూపిస్తూ కదలకపోతే కారణం చూసి, అడ్డు ఏదైనా ఉంటే తీసి, డాలర్ గుర్తు పక్కన ఎక్స్ అక్షరం కొట్టి తాళం తీయండి. అలారం 1 అంటే క్యారేజీ కొసకు చేరిందని చెప్పే లిమిట్ స్విచ్ తగిలింది. స్విచ్‌కి ఏమీ తగలకుండానే అది వస్తుంటే మోటారు వైర్లకు, స్విచ్ వైర్లకు మధ్య దూరం పెంచండి.

ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే ప్రోగ్రాములో తెలుగు అక్షరాలు రాసి పంపితే ప్రతి అక్షరం చుట్టు అంచు మాత్రమే జంట గీతగా వస్తుంది. అది ప్లాటర్ తప్పు కాదు. అక్షరాన్ని చిత్రంగా మార్చి, ట్రేస్ బిట్‌మ్యాప్‌లో సెంటర్‌లైన్ ఎంచుకుంటే ఒంటి గీత వస్తుంది. ఒత్తుల దగ్గర చేత్తో సరిదిద్దుకోవాలి. గీతల వరుస సర్దడానికి వీపైప్ అనే ఉచిత సాధనం ఉంది. పెన్ను గాలిలో తిరిగే దూరం తగ్గితే సర్వో బతుకు కూడా పెరుగుతుంది.

ఎప్పుడెప్పుడు ఏం చేయాలి

పని అయిన ప్రతిసారీ పెన్ను తీసి మూత పెట్టండి, హోల్డర్‌లో వదిలేయకండి. వారానికోసారి రాడ్లు, పట్టీలు తుడవండి. నెలకోసారి పుల్లీ స్క్రూలు, బెల్టు బిగువు చూడండి, వానాకాలంలో అయితే పదిహేను రోజులకోసారి. పరీక్ష కాగితం కూడా నెలకోసారి గీసి, వెనక తేదీ, పెన్ను పేరు, ఆ రోజు వానా ఎండా అన్నది రాసి ఫైల్లో పెట్టండి. ధనుర్మాసం మొదలయ్యే ముందు, అంటే డిసెంబరు రెండో వారంలో, నేను అన్నీ ఒకసారి విప్పి శుభ్రం చేస్తాను. ఆ నెలంతా ముగ్గుల పని ఆగదు.

కిందటిసారి అలా బిగించాక గీసిన మెలికల ముగ్గు పిన్నికి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని, గీత ఎక్కడ మొదలైందో వెతికింది. దొరకలేదు.